నా బొమ్మకూ మార్కులు వేయండి

యాభై దాటిన ఆడమనిషి గుంటూరులో ఏం మొదలుపెట్టినా ఎందుకని అడిగేవాళ్ళుండరు. లలితా పారాయణం బృందంలో చేరొచ్చు. పొద్దున్నే పార్కుకి యోగాకి వెళ్ళొచ్చు. ఇంట్లోనే చీరలు అమ్ముకోవచ్చు. కూతురి పురుటికని డాలస్ వెళ్ళి ఆరు నెలలుండి రావచ్చు, రెండో కాన్పుకి మళ్ళీ వెళ్ళొచ్చు. ఇవన్నీ మంచి పనులే, వీటిలో కొన్ని నేనూ చేశాను. కానీ బీఎఫ్ఏలో, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో చేరాను, పెయింటింగ్, నాలుగేళ్ళ కోర్సు అని చెప్పగానే ఎదుటివాళ్ళ మొహంలో లెక్కలు మొదలవుతాయి. ఈవిడకి ఇప్పుడు యాభై రెండు. అయ్యేసరికి యాభై ఆరు. ఆ తర్వాత ఎవరు ఉద్యోగం ఇస్తారు? ఇవ్వకపోతే మరి దేనికి?

"బొమ్మలంటే ఇష్టమైతే ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చుగా వదినా, దానికి డిగ్రీ ఎందుకు?" అని మా ఆడపడుచు అడిగింది. వెటకారంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. అందుకే తేల్చేసే మాట ఒకటి చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. నా జవాబు ఇది: ఇంట్లో వేసుకుంటే నా బొమ్మ బాగాలేదని చెప్పేవాళ్ళుండరు.

మా వయసు ఆడవాళ్ళకి ఇది ఎంత పెద్ద లోటో బయటివాళ్ళకి తెలియదు. వంటలో ఉప్పు ఎక్కువైతే చెప్పేవాళ్ళు ఇంటినిండా ఉంటారు. బొమ్మ వేస్తే మాత్రం అందరూ మెచ్చుకుంటారు. డిగ్రీలో చేరకముందు మా ఇంటికి రెండు సందుల అవతల ఒక హాబీ క్లాసుకి వెళ్ళేదాన్ని. తంజావూరు బొమ్మ కిట్టు ఇస్తారు. గీత ముందే వేసి ఉంటుంది. మనం రాళ్ళు అతికించి, బంగారు రేకు అంటించి, మిగిలిన చోట రంగు నింపాలి. పూర్తయ్యాక చట్రం కట్టించి, ఫోటో తీసి, కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడితే చేతులు జోడించే గుర్తులు, పువ్వులు, "సూపర్ పిన్నీ"లు. నేర్పే అమ్మాయి కూడా "చాలా బాగా వచ్చింది ఆంటీ" అనే అంటుంది. పాపం ఆ అమ్మాయిని తప్పు పట్టడానికి లేదు. బాగాలేదంటే వచ్చే నెల ఎవరు వస్తారు? ఆ క్లాసు నడిచేదే సంతోషం మీద. నాకు కావలసింది సంతోషం కాదు, బొమ్మ వేయడం రావాలి. ఈ రెండూ ఒకటి కాదని గట్టిగా చెప్పదలచుకున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. హైస్కూల్లో మా డ్రాయింగ్ మాస్టారు పట్టుబట్టి నాచేత డ్రాయింగ్ లోయర్ పరీక్ష కట్టించారు. పాసయ్యాను. హయ్యర్ కడదామనుకునేలోపు ఇంటర్ సీఈసీ, తర్వాత బీకాం, తర్వాత పెళ్ళి. ఇద్దరు పిల్లలు, మంచాన పడిన అత్తగారు. ఆవిడకి చివరి రోజుల్లో నేను తప్ప ఇంకెవరు అన్నం తినిపించినా తినేది కాదు. ఆ పని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అడ్మిషన్‌కి వెళ్తే గ్యాప్ సర్టిఫికెట్ అడిగారు. బీకాంకీ ఇప్పటికీ మధ్య ఏం చేశారో, వేరే ఏ కోర్సులోనూ చేరలేదని అఫిడవిట్ మీద రాసి సంతకం పెట్టాలి. నోటరీ దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు "కారణం ఏమని కొట్టమంటారమ్మా?" అన్నాడు. నేను ఆలోచిస్తూ ఉండిపోతే "కుటుంబ కారణాలు అని పెడతానండి, అందరికీ అదే పెడతాం" అని కొట్టేశాడు. అతని పని అతను చేశాడు. కానీ నా పెళ్ళి, రెండు పురుళ్ళు, పిల్లల చదువులు, అత్తగారి మంచం, ఇన్నీ కలిపి రెండు మాటల్లో వచ్చి, కింద స్టాంపు పడింది. ఆ కాగితం పట్టుకుని కోర్టు మెట్ల దగ్గర నిలబడి నాకు బాగా కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా ఉంది. ఇన్నేళ్ళ పనిని ఖాళీ అనే పేరుతో లెక్కగట్టే చోట మాలాంటివాళ్ళు తిరిగి చదువుకోవడానికి రారు. రమ్మని ఎవరూ పిలవలేదు కూడా.

కాలేజీలో చేరాక ఎదురైన ఇబ్బంది ఇంకొకటి. అది గౌరవం. క్లాసులో పిల్లలు "ఆంటీ" అంటారు, బొమ్మ నిలబెట్టి వేసే ఈజిల్ మోసి పెడతారు. మాకు కాంపోజిషన్, అంటే బొమ్మలో ఏది ఎక్కడ ఉండాలో, చెప్పే సారుకి ముప్పై ఐదేళ్ళుంటాయేమో, నన్ను "అమ్మా" అంటారు. నా బొమ్మ ముందుకొచ్చి ఒక్క క్షణం ఆగి "బాగుందమ్మా" అని పక్క ఈజిల్‌కి వెళ్ళిపోయేవారు. పక్కన పిడుగురాళ్ళ నుంచి వచ్చిన కుర్రాడు. వాడి దగ్గర మాత్రం నిలబడి, బరువు ఎటు పడుతోంది, ఈ చెయ్యి ఎముక లేనట్టు ఎందుకుంది, ఇక్కడ చీకటి ఎందుకు తగ్గించావు అని ఒక్కో అంగుళం పీకి పెట్టేవారు. వాడు మొహం మాడ్చుకునేవాడు. నాకు అసూయగా ఉండేది. మన దగ్గర తల్లి వయసు మనిషికి "ఇది తప్పు" అని మొహం మీద చెప్పడం మర్యాద కాదు. మర్యాద నాకూ ఇష్టమే. కానీ ఆ మర్యాద కింద నా చదువు ఆగిపోతోంది.

ఒకరోజు క్లాసు అయ్యాక అడిగాను. "సార్, ఆ అబ్బాయికి చెప్పినట్టే నాకూ చెప్పండి."

ఆయన ఇబ్బందిపడ్డారు. "మీకెలా చెప్పనమ్మా, పెద్దవారు."

"మార్కులు వేయాలి కదా సార్. ఎక్కడ తగ్గించారో అదే చెప్పండి చాలు."

డిగ్రీ ఎందుకు అనే ప్రశ్నకి అసలు జవాబు ఈ ఒక్క మాటలో ఉంది. హాబీ క్లాసులో నేనిలా అడగలేను. డిగ్రీలో నా బొమ్మకి అంకె వేయాలి, ఆ అంకెకి కారణం ఉండాలి, సెమిస్టర్ చివర మా పనిని పరీక్షించే జ్యూరీలో బయటినుంచి వచ్చినవాళ్ళ ముందు ఆ కారణం నిలబడాలి. ఆయన ఎంత మర్యాదస్థుడైనా మార్కుల షీటు నన్ను అమ్మా అనదు.

అప్పుడు నేను వేస్తున్నది మిరపకాయలకి ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే ఆడవాళ్ళ బొమ్మ. సీజన్లో మా ఊళ్ళో ఎటు వెళ్ళినా మిరపకాయే. వరసగా కూర్చుని, మూతికీ ముక్కుకీ గుడ్డ కట్టుకుని, కాయ ముచ్చిక తుంచి ఒక పక్కకి, తాలుకాయ ఇంకో పక్కకి వేస్తుంటారు. కిలోకి ఇంత అని కూలి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న దృశ్యం, అందుకే ఎంచుకున్నాను. పది మంది ఆడవాళ్ళు, మధ్యలో ఎర్రటి రాశి. నాకు బాగానే ఉందనిపించింది.

సారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఈ పది మందీ ఒకే మనిషమ్మా" అన్నారు. "చీరల రంగు మార్చారంతే. గుడ్డ కట్టుకున్నా కళ్ళు క్యాలెండర్లో లక్ష్మీదేవి కళ్ళే. ముచ్చిక తీసే వేలు ఎలా వంగుతుందో మీరు చూడలేదు, ఊహించి వేశారు." తర్వాత రాశి. "ఈ ఎరుపు ట్యూబులోంచి తీసింది తీసినట్టు ఉంది. ఎండ పడిన చోట కాయ నారింజ వైపు పోతుంది, నీడలో ఊదా, గోధుమ వైపు దిగుతుంది. తేజ రకం కాయకి, బ్యాడిగి రకం కాయకి రంగు ఒకటేనా? మీ ఊరే కదా, మీకే బాగా తెలియాలి." ఇంకొకటి కూడా చెప్పారు. కుడివైపు ఐదుగురు, ఎడమవైపు ఐదుగురు, ఇటు వంగిన మనిషికి సరిగ్గా ఎదురుగా అటు వంగిన మనిషి. "ముగ్గు వేస్తారా మీరు?" అని అడిగారు. నలభై ఏళ్ళుగా వేస్తున్నాను. చుక్కల లెక్క ప్రకారం అటూ ఇటూ సమానంగా రాకపోతే చెయ్యి ఊరుకోదు. ఆ అలవాటు వల్లే గీత వణకకుండా వస్తుందట నాకు, ఆ అలవాటు వల్లే బొమ్మ బిగుసుకుపోతోందట. ఆ ముక్క ఇప్పటికీ నమిలి నమిలి ఆలోచిస్తుంటాను.

ఆ సాయంత్రం నేను బాధపడలేదు. నా పనిని ఒక మనిషి అంతసేపు, అంత శ్రద్ధగా చూడడం నాకు అదే మొదలు. మర్నాటి నుంచి స్కెచ్ పుస్తకం పట్టుకుని వాళ్ళ దగ్గరే కూర్చున్నాను. ఘాటుకి తుమ్ములు, కళ్ళ నీళ్ళు. బొటనవేలు, చూపుడువేలు కలిసేది ఒక్క క్షణమే, మిగిలిన మూడు వేళ్ళు తర్వాతి కాయని అప్పటికే లాగుతుంటాయి. కొందరు బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకుంటారు. ఒక ముసలావిడ అసలు చేతివైపు చూడనే చూడదు. ఏ ఇద్దరి నడుమూ ఒకలా వంగదు. ఎవరికి ఎక్కడ నెప్పో ఆ వంపే చెబుతుంది.

ఇష్టం వచ్చింది నేర్చుకోవడానికి యూట్యూబ్ చాలు, ఒప్పుకుంటాను. ఇష్టం లేనిది నేర్చుకోవడానికి మాత్రం సిలబస్ కావాలి. నా అంతట నేనైతే దూరాన్ని కాగితం మీద చూపించే పర్‌స్పెక్టివ్ జోలికి వెళ్ళేదాన్నే కాదు. ఉండవల్లి గుహల ముందు ఎండలో కూర్చుని, స్తంభాల వరస దూరం పోయేకొద్దీ ఎలా కుదించుకుపోతుందో గీసి, చెరిపి, మళ్ళీ గీయాల్సి వచ్చింది. బంకమట్టిలో తల చేయాలంటే ముందు తీగతో అస్థిపంజరం కట్టాలి, లేకపోతే రాత్రికి రాత్రే మెడ వాలిపోతుంది. లినోలియం పలక మీద చెక్కి అచ్చు తీసే లినోకట్‌లో అచ్చు తిరగబడి వస్తుంది కాబట్టి ఎడమని కుడిగా ఆలోచించాలి. విజయవాడ రైల్వేస్టేషన్లో ప్లాట్‌ఫారం మీద రాపిడ్ స్కెచ్‌లు వేయమంటారు. మనిషి కదిలేలోపు భంగిమ పట్టుకోవాలి, కన్నూ ముక్కూ దిద్దే టైముండదు. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే, అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చింది కూడా.

ఆర్ట్ హిస్టరీ సంగతి విడిగా చెప్పాలి. మా ఇళ్ళల్లో అమరావతి అంటే అమరలింగేశ్వరుడి గుడి, కార్తీకమాసం, కృష్ణలో స్నానం. పక్కనే ఉన్న బౌద్ధ స్తూపం దిబ్బ దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూసిన తర్వాత, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన తర్వాత అక్కడి పలకలు మద్రాసుకి, 1859లో అక్కడి నుంచి చాలా భాగం లండన్‌కి తరలిపోయాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. మన పలనాటి సున్నపురాయిలో మనవాళ్ళు చెక్కిన బొమ్మ చూడాలంటే మా క్లాసంతా పొద్దున్నే పినాకిని ఎక్కి చెన్నై వెళ్ళింది.

అక్కడ నలగిరి ఏనుగు పలక ఉంది. గుండ్రటి రాయి. ఒక పక్క మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతోంది. అదే ఏనుగు ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లింది. రెండు సమయాలు ఒకే వలయంలో. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు, కింద జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నేను చాలాసేపు చూసింది ఆ జనాన్నే. అంత చిన్న వలయంలో అంతమంది ఇరుక్కుని ఉన్నా ఏ ఇద్దరూ ఒకలా లేరు. ఒక్కొక్కరి భయం ఒక్కో రకం. ఇటు ఉన్నట్టు అటు లేదు, అయినా బరువు తప్పలేదు. సారు నాకు చెప్పిందంతా దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ క్రితమే మా ప్రాంతం శిల్పి రాతిలో చేసి పెట్టాడు. తిరిగొచ్చి నా పది మందిని ఎనిమిది మందిని చేశాను, ముసలావిడని ముందుకి తెచ్చాను, రాశిని మధ్యలోంచి ఒక మూలకి జరిపాను. పుస్తకంలో ఫోటో చూసినా ఇది వచ్చేది కాదు. పరీక్షకి ఆ పలక మీద వ్యాసం రాయాలి కాబట్టి నేను అక్కడ అంతసేపు నిలబడ్డాను, ఇది నిజం.

ఇక అందరూ చెప్పే ఉదాహరణలు. "రవీంద్రనాథ్ ఠాగూర్ అరవై దాటాక బొమ్మలు మొదలెట్టాడు, 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టాడు, ఆయనకేం డిగ్రీ ఉంది?" అంటారు. నిజమే. కానీ అదే ఠాగూర్ 1919లోనే శాంతినికేతన్‌లో కళాభవన్ అనే కళల బడి పెట్టి, చిత్రకారుడు నందలాల్ బోస్ చేతిలో పెట్టాడు. తనకి బడి అక్కర్లేకపోయినా మిగిలినవాళ్ళకి బడి కావాలని ఆయనకి తెలుసు. మన బందరు జాతీయ కళాశాలకి ప్రమోద్ కుమార్ చటర్జీ బెంగాల్ నుంచి వచ్చి చిత్రకళ నేర్పారు కాబట్టే అడివి బాపిరాజు లాంటివాళ్ళు తయారయ్యారు.

మా గుంటూరు జిల్లావాళ్ళు ఇంకా దగ్గరి పేరు చెబుతారు, తుమ్మపూడి సంజీవదేవ్ గారు. ఏ ఆర్ట్ కాలేజీ డిగ్రీ లేకుండా చిత్రకారుడు, కళావిమర్శకుడు అయినవారు. ఆయనంటే నాకు ఎనలేని గౌరవం. కానీ ఆయన యవ్వనంలోనే ఇల్లు వదిలి హిమాలయాలకి వెళ్ళారు, కులూ లోయలో రష్యన్ చిత్రకారులైన రోరిక్‌ల దగ్గర గడిపారు, దేశదేశాల కళాకారులతో ఉత్తరాలు నడిపారు. అదీ ఆయన చదువు. ఆ వయసులో ఆ ఊళ్ళోనే పుట్టిన ఆడపిల్ల ఒకతె సంచి భుజానేసుకుని అలా వెళ్ళిపోగలిగేదా? ఇవాళ్టికైనా యాభై ఏళ్ళ ఇల్లాలు "బొమ్మలు నేర్చుకోవడానికి హిమాలయాలకి పోతున్నా" అంటే ఏమవుతుంది? నాకు దొరికిన హిమాలయం గుంటూరు నుంచి బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో ఉండాలి. స్వయంగా నేర్చుకోవడానికి స్వేచ్ఛ కావాలి. అది లేనివాళ్ళకి టైంటేబుల్ ఒక్కటే దిక్కు. "నాకు క్లాసుంది" అంటే ఇంట్లో ఆగుతారు. "నేను బొమ్మ వేసుకోవాలి" అంటే ఎవరూ ఆగరు.

ఒంటి సంగతి ఎక్కువ రాయను. ప్రోగ్రెసివ్ అద్దాలతో మోడల్‌ని, కాగితాన్ని మార్చి మార్చి చూస్తే మెడ పట్టేస్తుంది. ఈజిల్ దూరానికి విడిగా ఒక జత చేయించుకోండి. కింద కూర్చోలేకపోతే ఎత్తు స్టూలు అడగండి. టర్పెంటైన్ వాడే గదిలో కిటికీ తెరిచి ఉంచండి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మా బంధువుల్లో రిటైరైన లెక్చరర్ ఒకాయన చెప్పారు. "నువ్వు కూర్చున్న సీటు ఒక పిల్లాడిదమ్మా." దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పిడుగురాళ్ళ కుర్రాడు రాత్రిళ్ళు ఫ్లెక్సీ షాపులో డిజైన్లు కొట్టి హాస్టల్ ఖర్చు చూసుకుంటాడు. వాడికి ఈ డిగ్రీ అన్నం పెట్టాలి. యానిమేషన్ కంపెనీయో, స్కూల్లో డ్రాయింగ్ టీచరు పనో దొరకాలి. నాకు ఆ అవసరం లేదు. ఇద్దరం ఒకే సీటుకి పోటీపడితే అది వాడికే రావాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

కానీ పోటీ ఎందుకు పెట్టాలి? ఆడపిల్లలు తక్కువగా ఉన్నారని ఐఐటీలు 2018 నుంచి ఉన్న సీట్లు తగ్గించకుండా అదనంగా సూపర్‌న్యూమరరీ సీట్లు పెట్టాయి. అదే పద్ధతిలో ఫైన్ ఆర్ట్స్‌లో నలభై దాటినవాళ్ళకి ఒక్కో బ్యాచ్‌కి రెండో మూడో అదనపు సీట్లు పెట్టొచ్చు. పూర్తి ఫీజు కట్టమనండి, కడతాం. మా స్టూడియో సాయంత్రం క్లాసులు అయ్యాక తాళం పడి ఉంటుంది. అదే గదిలో సాయంత్రం బ్యాచ్ నడిపితే ఉద్యోగాలు చేసేవాళ్ళూ వస్తారు, ఆ కుర్రాళ్ళకి కూడా ఇంకో రెండు గంటలు చోటు దొరుకుతుంది. 2020 జాతీయ విద్యావిధానం ఏడాది చదివి ఆపితే సర్టిఫికెట్, రెండేళ్ళకి డిప్లొమా ఇవ్వొచ్చంది. పూర్తిచేసిన చదువుని లెక్కగట్టి దాచిపెట్టే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో సంపాదించుకున్న క్రెడిట్లు ఏడేళ్ళ దాకా చెల్లుతాయి. కూతురి పురుటికి ఆరు నెలలు వెళ్ళాల్సిన తల్లికి, భర్త ఆపరేషన్‌కి ఒక సెమిస్టర్ పోగొట్టుకునే భార్యకి ఇంతకన్నా పనికొచ్చే ఏర్పాటు లేదు. కాగితం మీద ఉన్న ఈ వెసులుబాటుని మా కోర్సులో కూడా అమలు చేయమని అడుగుతున్నాను. గ్యాప్ అఫిడవిట్‌లో ఇల్లు నడిపిన ఏళ్ళని పనిగానే రాసుకునే వీలు ఇవ్వమని కూడా.

ఇవన్నీ ఒక వినతిపత్రంగా రాసి, నాలాంటివాళ్ళు ఇంకొందరి చేత సంతకాలు పెట్టించాను. చివర్లో ఒక పంక్తి నేను పట్టుబట్టి చేర్పించాను: సీట్లు, వేళలు, సెలవుల విషయంలోనే మాకు వెసులుబాటు కావాలి, మూల్యాంకనంలో వయసుని బట్టి ఏ మినహాయింపూ వద్దు, జ్యూరీలో అందరితో పాటే మా పనినీ పెట్టాలి. ఇద్దరు సంతకం పెట్టేముందు ఆ పంక్తి తీసేయమన్నారు. ఒకావిడతో మా ఇంటి వరండాలో చాలాసేపు వాదించాల్సి వచ్చింది. చివరికి పెట్టింది. ఆఫీసులో ఇచ్చి ఇన్‌వార్డు నంబరు వేయించుకున్నాను. జవాబు రాలేదు ఇంకా. వచ్చే అడ్మిషన్ల నోటిఫికేషన్ లోపు మళ్ళీ వెళ్ళి అడుగుతాం.